రూజ్వెల్టు – తపాలా బిళ్ళలు

ఉత్తరముపై నంటించు తపాలా బిళ్ళ చూచుటకు మిక్కిలి చిన్నది. ఉత్తరము చేరవలసిన చోటికి చేరిన పిమ్మట దానితో సామాన్యులకు పనిలేదు. అయినను ఆ కాగితపు ముక్కను నీటిలో నాన్చి, చిరుగకుండ ఊడదీసి, ఆరబెట్టి, దేశముల వారిగను సంవత్సరముల వారిగను ఆల్బములలో అమర్చి దాచుకొనువారు లోకమున లక్షలకొలది కలరు. 1840వ సంవత్సరము మే నెలలో ఇంగ్లండు దేశమున మొదటి తపాలా బిళ్ళ వాడుకలోనికి వచ్చినది మొదలు ఈ అభిరుచి దేశదేశములకు వ్యాపించెను.

ఒకే సందర్భమును పురస్కరించుకొని వేర్వేరు వెలలతో, వేర్వేరు బొమ్మలతో విడుదలయిన బిళ్ళల సమూహమును సేకరించువారు సెట్టు అందురు. సెట్టునందలి పది బిళ్ళలలో తొమ్మిది దొరకి ఒకటి దొరకకున్న యెడల, నిండిన తొమ్మిది గళ్ళకంటె నిండని ఆ ఒక్క గడియే మాటిమాటికి కంటికి కనిపించును. దానికొరకు పాత ఉత్తరముల కట్టలు వెదకుట, మిత్రులతో మారకము చేసికొనుట, ఏండ్ల తరబడి ఎదురుచూచుట జరుగును. తుదకు అది చేజిక్కి గడి నిండిన నాడు కలుగు సంతోషము వెలకట్టరానిది. ఈ సంతోషమును బాల్యమునుండి అవసానకాలము వరకు అనుభవించిన ప్రసిద్ధపురుషులలో ఫ్రాంక్లిన్ డెలానో రూజ్వెల్టు ముఖ్యుడు. అమెరికా సంయుక్త రాష్ట్రముల అధ్యక్షపదవికి నాలుగు పర్యాయము లెన్నుకొనబడినవా డతడొక్కడే.

రూజ్వెల్టు 1882వ సంవత్సరము జనవరి 30వ తేదీన న్యూయార్కు రాష్ట్రమునందలి హైడ్ పార్కు అను గ్రామమున జన్మించెను. ఆ గ్రామము హడ్సన్ నదీతీరమున నున్నది. తండ్రి పేరు జేమ్స్ రూజ్వెల్టు, తల్లి పేరు సారా డెలానో. వారిది సంపన్న కుటుంబము. సారాకు ఇతడొక్కడే సంతానమగుటచే ఆమె కుమారుని అల్లారుముద్దుగ పెంచెను. పదునాలుగేండ్లు వచ్చువరకు బాలుడు చాలవరకు బడికి పోలేదు. ఉపాధ్యాయులే ఇంటికివచ్చి చదువు చెప్పిరి. తోడి పిల్లలు తక్కువగుటచే పక్షులు, ఓడ బొమ్మలు, పుస్తకములు మొదలగువానితో అతనికి కాలక్షేప మగుచుండెను.

అట్టి ఒంటరి బాల్యమున అతనికి తపాలా బిళ్ళలతో చెలిమి కుదిరెను. ఆ బిళ్ళలకు ఒక కథ కలదు. సారా తండ్రి వారెన్ డెలానో చైనాతో వర్తకము చేయువాడు. 1862వ సంవత్సరమున డెలానో కుటుంబము తెరచాప ఓడపై నెలల తరబడి ప్రయాణము చేసి హాంగ్‌కాంగుకు పోయెను. బయలుదేరునాటికి సారాకు ఎనిమిదేండ్లయినను నిండలేదు. ఆ సంవత్సరముననే హాంగ్‌కాంగు ప్రభుత్వము తన మొదటి తపాలా బిళ్ళలను విడుదల చేసెను. తండ్రి వర్తకపు ఉత్తరములు అనేక దేశములనుండి వచ్చుచుండగా వానిపై నుండు బిళ్ళలను సారా కూడబెట్టుచుండెను. పెద్దదైన పిమ్మట ఆమె తన సేకరణమును తమ్ముడగు ఫ్రెడరిక్‌కు ఇచ్చెను. ఆతడు దానిని వృద్ధిచేసి, తరువాత మేనల్లుడగు ఫ్రాంక్లిన్‌కు కానుకగ నొసగెను. ఈ విధముగ తల్లి నాటిన విత్తనము మేనమామ చేతిలో మొక్కయై కుమారుని చేతిలో వృక్షమయ్యెను. రూజ్వెల్టు ఎన్ని దేశముల బిళ్ళలు కూడబెట్టినను హాంగ్‌కాంగు బిళ్ళలయందు అతనికి ప్రత్యేకమైన మక్కువ యుండుటకు ఇదియే కారణము కావచ్చును.

ఎనిమిదేండ్ల ప్రాయమున ప్రారంభమైన ఈ వ్యాసంగము బాలునకు ఆటయు చదువును అయ్యెను. క్రొత్త బిళ్ళ చేతికి వచ్చినప్పుడు అది ఏ దేశపుదో తెలియవలెను. ఆ దేశము పటములో ఎచటనున్నదో వెదకవలెను. దానిపై నున్న రాజెవరు, ఓడ యేది, పర్వతమేది, ఆ నాణెమునకు మారకపు విలువ యెంత అను ప్రశ్న లొకదాని వెంట నొకటి పుట్టుచుండును. వానికి సమాధానములు వెదకుచు వెదకుచు బాలుడు భూగోళమును, చరిత్రమును ఎవరి నిర్బంధమును లేకుండ నేర్చుకొనెను. దక్షిణ అమెరికా రాజ్యములు, పసిఫిక్ మహాసముద్రమునందలి చిన్న చిన్న దీవులు అతనికి ఇరుగుపొరుగు ఊళ్ళవలె పరిచితము లయ్యెను.

1896వ సంవత్సరమున రూజ్వెల్టు గ్రోటన్ పాఠశాలలోను, తరువాత హార్వర్డు విశ్వవిద్యాలయమునను చదివెను. పిమ్మట న్యాయశాస్త్ర మభ్యసించెను. 1905వ సంవత్సరమున ఎలినార్‌ను వివాహమాడెను. 1910లో న్యూయార్కు రాష్ట్రపు సెనేటుకు ఎన్నికయ్యెను. 1913 నుండి 1920 వరకు నౌకాశాఖలో సహాయ కార్యదర్శిగ పనిచేసెను. 1920లో ఉపాధ్యక్షపదవికి పోటీచేసి ఓడిపోయినను అతని పేరు దేశమంతట తెలిసెను. ఎత్తైన విగ్రహము, చురుకైన నడక, చిరునవ్వు చెదరని ముఖము గల ఆ యువకుడు ఉన్నతపదవుల నలంకరింపగలడని పెక్కురు తలంచిరి.

ఇంతలో విధి వక్రించెను. 1921వ సంవత్సరము ఆగస్టు నెలలో రూజ్వెల్టు కుటుంబముతో గూడ కెనడా తీరమునందలి కాంపొబెల్లో ద్వీపమున విడిసియుండెను. ఒకనాడు పిల్లలతో పడవలో షికారు చేసి, దారిలో అడవి మంటను ఆర్పుటకు తోడ్పడి, చల్లని నీటిలో ఈదులాడి ఇల్లు చేరెను. ఆ సాయంకాలమే చలి పుట్టెను. మరునాటికి ఒక కాలు పట్టు తప్పెను. తరువాత రెండవ కాలును చచ్చుపడెను. అది పోలియో అని వైద్యులు నిర్ణయించుటకు కొన్నిదినములు పట్టెను. అప్పటికి రూజ్వెల్టు వయస్సు ముప్పదితొమ్మిది సంవత్సరములు. అది మొదలు బ్రతికినంత కాలము అతడు ఇతరుల ఊత లేకుండ, కాళ్ళకు లోహపు కట్లు లేకుండ నిలువలేకపోయెను.

నిన్నటివరకు పరుగులు తీసిన మనిషి నేడు మంచముపై ప్రక్కకు తిరుగుటకైనను మరియొకరి సాయమును కోరవలసి వచ్చెను. ఇక అతడు హైడ్ పార్కునందలి ఇంట విశ్రాంతిగ కాలము గడుపుట మేలని తల్లి తలంచెను. రాజకీయములు విడువరాదని భార్య తలంచెను. రోగికి తన నిశ్చయము తనకు కలదు. అయినను దేహము లొంగుటకు నెలలు, సంవత్సరములు పట్టును. ఆ దీర్ఘకాలమును నిరాశకు లోనుగాకుండ గడుపుట యెట్లు? అప్పుడు బాల్యమిత్రములైన తపాలా బిళ్ళలు అతనికి అక్కరకు వచ్చెను. పడకపై బల్ల నొకదాని నమర్చుకొని, ఆల్బములను, భూతద్దమును, బిళ్ళల ధరల పట్టికను, జిగురు కాగితపు ముక్కలను ముందుంచుకొని అతడు గంటల తరబడి పనిచేయుచుండెను. కాళ్ళు కదలకున్నను చేతులు కదలుచుండెను. గది దాటలేకున్నను మనస్సు సముద్రములు దాటుచుండెను. దేహమున ఏమియు తన అధీనమున లేనట్లున్న ఆ దినములలో, ఒక్క పుటలోని గళ్ళను వరుసగ నింపి ముగించుట అతనికి ఎంతటి ఊరట నిచ్చియుండునో ఊహింపవచ్చును.

జార్జియా రాష్ట్రమునందలి వార్మ్ స్ప్రింగ్సు అను చోట గోరువెచ్చని నీటి బుగ్గలున్నవని విని 1924లో రూజ్వెల్టు అచటికి పోయెను. ఆ నీటిలో ఈదుటచే అతనికి కొంత బలము చేకూరెను. 1926లో ఆ స్థలమును కొని, తనవంటి రోగుల చికిత్సకు వసతులు కల్పించెను. 1924వ సంవత్సరముననే న్యూయార్కు నగరమున జరిగిన మహాసభలో అతడు చంకకర్రల సాయమున వేదిక పైకి నడచివచ్చి ఉపన్యసించెను. ఆ కొలది అడుగులు వేయుట కతడు పడిన శ్రమ చూపరులను కదిలించివేసెను. 1928లో అతడు న్యూయార్కు రాష్ట్రమునకు గవర్నరుగ నెన్నికయ్యెను. 1932లో అధ్యక్షపదవికి ఎన్నికై 1933 మార్చి 4వ తేదీన పదవీస్వీకారము చేసెను.

అది దేశమునకు గడ్డుకాలము. పనిచేయగల ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి పని లేకుండెను. బాంకులు మూతపడెను. పంటకు గిట్టుబాటు ధర లేక రైతులు భూములు పోగొట్టుకొనుచుండిరి. ఇట్టి భారమును పగలంతయు మోసి అలసిన అధ్యక్షుడు రాత్రివేళ నిద్రించుటకు ముందు కొంతసేపు బిళ్ళల ఆల్బములతో గడిపెడివాడు. విదేశములనుండి ప్రభుత్వమునకు వచ్చు ఉత్తరముల కవరులపై నున్న బిళ్ళలను విదేశాంగశాఖ వారు అతని కొరకు ప్రతివారమును పంపుచుండిరి. అతడెచటికి ప్రయాణమైనను బిళ్ళల పెట్టె వెంట నుండవలసినదే.

అధ్యక్షుడైన సేకర్త సేకరణముతోనే తృప్తిపడలేదు. క్రొత్త బిళ్ళలు ఎట్లుండవలెనను విషయమున శ్రద్ధ వహించెను. అతని పదవీకాలమున వెలువడిన బిళ్ళలు రెండువందలకు పైబడినవి. వానిలో కొన్నింటికి అతడే పెన్సిలుతో నమూనాలు గీచెను. 1934లో మాతృదినోత్సవ సందర్భమున వెలువడిన మూడు సెంట్ల బిళ్ళకు, 1938లో వెలువడిన ఆరు సెంట్ల విమానతపాలా బిళ్ళకు అతని చిత్తుప్రతులే ఆధారములు. బిళ్ళ యనునది కేవలము పన్నువసూలు చేయు కాగితము కాదనియు, అది దేశప్రజలకు తమ దేశమును గూర్చి బోధించు పాఠ్యపుస్తకమనియు అతని అభిప్రాయము.

ఇందులకు నిదర్శనముగ 1934లో వెలువడిన జాతీయోద్యానముల సెట్టును పేర్కొనవచ్చును. దానియందు ఒక్క సెంటు మొదలు పది సెంట్ల వరకు పది బిళ్ళలున్నవి. యోసెమిటీ యందలి నిట్రమైన కొండ, గ్రాండ్ కాన్యన్ యందలి అగాధమైన లోయ, యెల్లోస్టోన్ యందలి వేడినీటి ఎగజిమ్ము బుగ్గ, గ్రేట్ స్మోకీ పర్వతములు మొదలగు దృశ్యములు వానిపై ముద్రింపబడెను. పదింటికిని కలిపి వెల ఏబదియైదు సెంట్లే. జూలై నుండి అక్టోబరు వరకు ఒక్కొక్కటిగ వెలువడిన ఈ బిళ్ళలను బీదబాలురు సైతము ఒక్కొక్కటిగ కొని సెట్టును పూర్తిచేసికొనగలిగిరి. దూరప్రయాణము చేయలేనివారికి దేశమునందలి అందచందములు ఇంటనే కనులపండువ చేసెను.

ఈ మంచి పనితో పాటు ఒక పొరపాటును జరిగెను. అది రూజ్వెల్టు జీవితమున చిన్న విషయమువలె కనిపించినను, సేకర్తల లోకమున పెద్ద కలతను రేపెను. దానిని తెలిసికొనుటకు బిళ్ళలు తయారగు విధమును కొంచె మెరుగవలెను. తపాలా బిళ్ళలు ఒక్కొక్కటిగ ముద్రింపబడవు. పెద్ద తావులపై అనేకము లొకేసారి ముద్రింపబడును. వెనుకవైపున జిగురు పూయబడును. తరువాత బిళ్ళకును బిళ్ళకును నడుమ సన్నని రంధ్రముల వరుసలు పొడువబడును. ఆ రంధ్రముల వెంబడి చించినచో బిళ్ళలు సులభముగ విడివడును. జిగురును రంధ్రములును లేని తావులు ముద్రణాలయము వెలుపలికి సామాన్యముగ రావు. అందుచే అవి వెలుపలికి వచ్చినచో మిక్కిలి అరుదైన వస్తువు లగును.

ఆనాడు పోస్టుమాస్టరు జనరలు పదవియందున్నవాడు జేమ్స్ ఫార్లీ. అతడు రూజ్వెల్టునకు ఆప్తమిత్రుడు. ఎన్నికలలో అతనికి కుడిభుజముగ నిలిచినవాడు. అయితే బిళ్ళల సేకరణము ఫార్లీకి క్రొత్త. 1933, 1934 సంవత్సరములలో క్రొత్త బిళ్ళ వెలువడినప్పుడెల్ల అతడు ముద్రణాలయమునకు పోయి, జిగురు పూయని, రంధ్రములు పొడువని తావులు కొన్నింటిని తీసికొని, వానిపై ముద్రించిన వెలను తన చేతి సొమ్ముతో చెల్లించి, సంతకము చేసి మిత్రులకు కానుకలుగ నొసగెను. అధ్యక్షునకు, సేకరణమునందు ఆసక్తిగల మంత్రి హెరాల్డ్ ఐక్సునకు, అధ్యక్షుని కార్యదర్శి లూయీ హౌకు, మరికొందరు ఆప్తులకు అవి చేరెను. ప్రభుత్వధన మొక్క సెంటయినను అపహరింపబడలేదు. ఫార్లీకి ఇందు తప్పు కనిపించలేదు.

కాని ఆ తావులలో నొకటి తరువాత అంగడికి వచ్చెను. దానికి చెప్పిన పెద్ద వెలను విని సేకర్తలు నిర్ఘాంతపోయిరి. తాము తపాలా కార్యాలయమున వరుసలో నిలిచి కొన్న బిళ్ళలకు వేరొక రూపము కలదనియు, అది పదవులలో నున్నవారి మిత్రులకు మాత్రమే లభించినదనియు వారికి తెలిసెను. వెలతో పాటు వేరొక బాధయు వారికి కలిగెను. ఎన్ని సంవత్సరములు శ్రమించినను తమ సెట్టులిక పూర్తికాజాలవు. ఆల్బమునందలి ఒక పుట ఎన్నటికిని బోసిగనే యుండును. ఆ బోసితనమునకు కారణము వస్తువు అరుదగుట కాదు, పక్షపాతము. సభ్యులు కాంగ్రెసులో ప్రశ్నలు లేవదీసిరి. పత్రికలు విమర్శించెను. ఆ తావులను ఫార్లీ అవివేకములని జనులు పరిహసించిరి. కానుకలందుకొన్నవారిలో అధ్యక్షుడును ఉండుటచే ఆ మచ్చ అతనిని గూడ తాకెను.

ఆ తావులను తిరిగి రప్పించి నాశనము చేయుట సులభము కాదు. అవి లేవని బుకాయించుటయు తగదు. ప్రభుత్వము మూడవ మార్గము నవలంబించెను. అట్టి బిళ్ళలు ఇరువది రకములను ప్రత్యేకముగ మరల ముద్రించి, 1935 మార్చి 15వ తేదీ మొదలు మూడు మాసములపాటు, కోరినవారికి కోరినన్ని, పైన ముద్రించిన వెలకే అమ్మించెను. కొందరికి మాత్రమే దక్కిన అరుదైన వస్తువు ఆ విధముగ అందరికి అందుబాటులోనికి వచ్చెను. కానుకగ వచ్చిన తావుల గొప్పతనము తగ్గినను లక్షలకొలది ఆల్బములలోని బోసి గళ్ళు నిండుటకు వీలు కలిగెను. తెలియక చేసిన తప్పునైనను బహిరంగముగ దిద్దుకొనుట ప్రభుత్వమునకు అవమానము కాదని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

తరువాత 1938లో అధ్యక్షుల సెట్టు వెలువడెను. దీనియందు ముప్పదిరెండు బిళ్ళలున్నవి. దీనికి నమూనా గీయుటకు దేశమంతట పోటీ పెట్టగా ఎలైన్ రాలిన్సన్ అను చిత్రకారిణి గెలిచెను. ఈ సెట్టునం దొక చమత్కారము కలదు. మొదటి అధ్యక్షుడగు వాషింగ్టను ఒక్క సెంటు బిళ్ళపై నుండును. మూడవవాడగు జెఫర్సను మూడు సెంట్ల బిళ్ళపై నుండును. పదునారవవాడగు లింకను పదునారు సెంట్ల బిళ్ళపై నుండును. ఇట్లు ఇరువదిరెండు వరకు వెలయు వరుసయు సరిపోవును. కావున ఈ సెట్టును కూర్చుకొన్న బాలునకు తన దేశపు అధ్యక్షుల వరుస బట్టీపట్టకుండనే నోటికి వచ్చును.

1940లో సుప్రసిద్ధులైన అమెరికనుల సెట్టు వెలువడెను. రచయితలు, కవులు, విద్యావేత్తలు, శాస్త్రజ్ఞులు, సంగీతకారులు, చిత్రకారులు, యంత్రనిర్మాతలు అను ఏడు తరగతులనుండి ఐదుగురేసి చొప్పున ముప్పదియైదుగురికి అందు స్థానము లభించెను. విద్యావేత్తలలో బుకర్ వాషింగ్టన్ ఒకడు. బానిసగ పుట్టి, చదువుకొని, తన జాతివారి కొరకు టస్కెగీ విద్యాలయమును పెంపొందించిన మహనీయుడతడు. అమెరికా తపాలా బిళ్ళపై చిత్రింపబడిన మొదటి నీగ్రోజాతి పురుషు డతడే. ఆ బిళ్ళ 1940 ఏప్రిల్ 7వ తేదీన టస్కెగీ యందే విడుదలయ్యెను. దేశచరిత్ర మను ఆల్బమున చిరకాలము బోసిగ నున్న ఒక గడి ఆనాడు నిండెను.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము లోకమును చుట్టుముట్టెను. 1941 డిసెంబరులో అమెరికా యుద్ధమున ప్రవేశించెను. సముద్రముల ఆవల, పేరైనను విననిచోట్ల యుద్ధము జరుగుచుండగా ప్రజలకు దాని గతి బోధపడుట కష్టమయ్యెను. 1942 ఫిబ్రవరి 23వ తేదీన రేడియోలో ప్రసంగింపబోవుచు రూజ్వెల్టు ప్రజలందరిని ఎదుట ప్రపంచపటము నుంచుకొని వినవలసినదని ముందుగ కోరెను. పటముల దుకాణములు ఖాళీ అయ్యెను. చిన్ననాడు బిళ్ళలను చూచి దీవులను పటములో వెదకిన బాలుడు, ఇప్పుడు ఒక మహాజాతినంతటిని తనతో గూడ పటము చూచునట్లు చేసెను.

యుద్ధకాలముననే రూజ్వెల్టు సంకల్పముచే ఒక విశిష్టమైన సెట్టు వెలువడెను. శత్రువుల ఆక్రమణకు లోనైన దేశముల జాతీయ పతాకములను వాని సహజమైన రంగులతో ఐదు సెంట్ల బిళ్ళలపై ముద్రింపవలెనని అతడు తలంచెను. పతాకమునకు ఇరువైపుల, ఫీనిక్సు పక్షియు, సంకెళ్ళు త్రెంచుకొన్న మూర్తియు చిత్రింపబడెను. 1943 జూన్ 22వ తేదీన పోలండు బిళ్ళతో ఈ వరుస ప్రారంభమయ్యెను. చెకొస్లొవేకియా, నార్వే, లక్సెంబర్గు, నెదర్లాండ్సు, బెల్జియము, ఫ్రాన్సు, గ్రీసు, యుగోస్లేవియా, అల్బేనియా, ఆస్ట్రియా, డెన్మార్కు అను దేశముల బిళ్ళలు ఆ సంవత్సరాంతమునకు వెలువడెను. పండ్రెండింటితో సెట్టు ముగిసినట్లుండెను. కాని 1910 నుండి పరాధీనమైయున్న కొరియా దేశపు పతాకము అందులేదు. 1944 నవంబరు 2వ తేదీన కొరియా బిళ్ళయు వెలువడి, పదుమూడింటితో సెట్టు పూర్తియయ్యెను. స్వదేశమున ఎగురవేయుటకు వీలులేని జెండా చిన్న కాగితముపై నైనను ఎగురుచుండుటను చూచి, ప్రవాసులైన ఆ దేశీయు లెంత ఆనందించియుందురో చెప్పనక్కరలేదు.

1944 నవంబరులో రూజ్వెల్టు నాలుగవ పర్యాయ మధ్యక్షుడుగ నెన్నికయ్యెను. అప్పటి కతని ఆరోగ్యము క్షీణించెను. యుద్ధానంతరము దేశములన్నియు ఏకమై శాంతిని కాపాడుకొనుటకు ఒక సంస్థ ఏర్పడవలెనని అతని ఆశయము. ఆ పనికై 1945 ఏప్రిల్ 25వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరమున సర్వదేశసభ జరుగుటకు నిశ్చయమయ్యెను. దాని జ్ఞాపకార్థ మొక బిళ్ళయు సిద్ధమగుచుండెను. విశ్రాంతికై వార్మ్ స్ప్రింగ్సునకు పోయిన రూజ్వెల్టు ఆ సభ కొరకు ఎదురుచూచుచుండెను. కాని ఏప్రిల్ 12వ తేదీ మధ్యాహ్నము మెదడులో రక్తనాళము చిట్లుటచే అతడు పరమపదించెను. వయస్సు అరువదిమూడు సంవత్సరములు. పదుమూడు దినములకు సభ ప్రారంభమైన నాడే ఆ బిళ్ళయు విడుదలయ్యెను. దానిపై బొమ్మ లేదు. సభ ఉద్దేశ్యమును తెలుపు మాటలును, వాని క్రింద రూజ్వెల్టు పేరును మాత్రమున్నవి.

అతని మరణానంతరము 1946లో అతని బిళ్ళలు న్యూయార్కు నగరమున వేలము వేయబడెను. ఆ రాశిలో అధికభాగము స్వల్పమైన వెల గలవే. అత్యంత అరుదైన బిళ్ళలను ధనబలముచే కొని దాచవలెనను కోరిక అతనికి లేదు. అయినను అతని చేతులమీదుగ పోయిన బిళ్ళ యొకటి తమ ఆల్బములో నుండవలెనని దేశదేశముల సేకర్తలు పోటీపడి కొనిరి. మొనాకో రాజ్యము 1947లో విడుదల చేసిన బిళ్ళపై అతడు ఆల్బము ముందుంచుకొని బిళ్ళలను పరీక్షించుచున్నట్లు చిత్రింపబడెను. చిత్రకారుని ఏమరుపాటుచే ఆ చిత్రములో అతని ఎడమచేతికి ఆరు వ్రేళ్ళున్నట్లు కనిపించును. ఇట్టి పొరపాటును కనుగొనుట సేకర్తలకు వేడుక. రూజ్వెల్టు జీవించియున్నచో తానే అందరికంటె ముందుగ భూతద్దముతో దానిని కనిపెట్టియుండెడివాడేమో.

అమెరికా ప్రభుత్వము అతని సంస్మరణార్థము నాలుగు బిళ్ళల సెట్టు నొకదానిని విడుదల చేసెను. ఒక్క సెంటు బిళ్ళపై అతడు జన్మించిన హైడ్ పార్కునందలి ఇల్లు కలదు. రెండు సెంట్ల బిళ్ళపై అతడు బలమును పొంది, తుదకు ప్రాణములు విడిచిన వార్మ్ స్ప్రింగ్సునందలి కుటీరము కలదు. మూడు సెంట్ల బిళ్ళపై అతడు పండ్రెండేండ్లు పాటుపడిన శ్వేతసౌధము కలదు. ఈ మూడును 1945లో వెలువడెను. నాలుగవది ఐదు సెంట్ల బిళ్ళ. దానిపై భూగోళమును, మానవులందరికి లభింపవలెనని అతడు కోరిన నాలుగు స్వేచ్ఛల పేర్లును ఉన్నవి. వాక్స్వాతంత్ర్యము, మతస్వాతంత్ర్యము, దారిద్ర్యమునుండి విముక్తి, భయమునుండి విముక్తి అనునవియే ఆ నాలుగు. ఆ బిళ్ళ 1946 జనవరి 30వ తేదీన, అనగా అతని జన్మదినమున వెలువడి సెట్టును పూర్తిచేసెను.

పుట్టిన ఇల్లు, కష్టములనుండి కోలుకొన్న చోటు, పనిచేసిన స్థానము, చేరవలెనని కోరిన గమ్యము ఈ నాలుగు చిన్న కాగితములపై వరుసగ నిలిచినవి. వీని వెల యంతయు కలిసి పదునొకండు సెంట్లు. ఈ సెట్టును సంపాదించి ఆల్బములో నమర్చుకొన్న బాలునకు ఒక మహాపురుషుని చరిత్రము చేతికి వచ్చినట్లే. సేకరణమునందలి తృప్తి వస్తువు వెలలో లేదు. ప్రతి వస్తువునకు తగిన చోటు నెరిగి, లోపించినదానిని ఓర్పుతో వెదకి, న్యాయముగ సంపాదించి, వరుసను నిండించుటయందే ఆ తృప్తి కలదు. మంచముపై నున్నప్పుడును, శ్వేతసౌధమున నున్నప్పుడును రూజ్వెల్టు పొందిన తృప్తి అట్టిదే.